కాటన్ దొర జమాఖర్చులు

భద్రాచల క్షేత్రమునుండి పర్ణశాలకు పోవు దారిలో దుమ్ముగూడెమను గ్రామము కలదు. అచట గోదావరికి అడ్డముగా ఒక పాత ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. ఒకప్పుడు పడవలు రాతిమెట్టలను తప్పించుకొని పోవుటకై దాని ప్రక్కన త్రవ్విన కాలువ జాడలు కూడ కనబడును. యాత్రికులు దానిని చూచి, ఏదో పూర్వకాలపు కట్టడమని తలచి సాగిపోవుదురు. రాజమహేంద్రవరమునకు దిగువన ధవళేశ్వరములోని ఆనకట్ట పేరు చెప్పినప్పుడు మాత్రము గోదావరి మండలములలో చేతులు జోడింపని రైతు అరుదు. రెండింటికిని మూలమైన ఆలోచన ఒక్కరిదే. ఆయన సర్ ఆర్థర్ కాటన్. ఒక ఆనకట్ట జమ పద్దులో చేరినది. రెండవది ఖర్చు పద్దులో మిగిలిపోయినది. మనుష్యుడు ఒక్కడే, నది ఒక్కటే, లెక్క వేసిన తీరును ఒక్కటే. ఫలితములు ఇంత వేరుగా ఏల వచ్చెనో తెలియవలెనన్న కాటన్ జీవితమును కట్టడముల చరిత్రగా కాక లెక్కల చరిత్రగా చదువవలసియుండును. మన పాఠ్యపుస్తకములలో ఆ భాగము సాధారణముగా కనబడదు.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో ఒక పెద్ద కుటుంబమున, పదునొకండుగురు సోదరులలో పదవవాడుగా జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి సైనికవిద్యాలయమైన అడిస్కంబులో చదివి, 1821లో పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇంజనీరుగా మదరాసు చేరెను. కొంతకాలము పాంబను జలమార్గమును సర్వే చేసెను; మొదటి బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. ఇవి అన్నియు ఒక సామాన్య సైనికోద్యోగి జీవితములో ఉండదగినవే. ఆయన జీవితమును మలుపు త్రిప్పినది కావేరి. తంజావూరు సీమలో చోళుల కాలమునాటి కల్లణను ఆయన శ్రద్ధతో పరిశీలించెను. గట్టి పునాది దొరకని లోతైన ఇసుకపై రాతికట్టను నిలుపు ఉపాయమును ఆ పాత కట్టడమునుండియే తాము నేర్చితిమని తరువాత ఆయనయే నిస్సంకోచముగా ఒప్పుకొనెను. 1836 మొదలు రెండేండ్లలో కొల్లిడము నదిపై రెండు ఆనకట్టలను కట్టించెను. కట్టడమునకు పెట్టిన సొమ్ము ఎంత, దానివలన పెరిగిన శిస్తు ఎంత అను ప్రశ్న అచటినుండి ఆయనను జీవితాంతము వదలలేదు.

1844లో ఆయనను గోదావరి తీరమునకు పంపిరి. నాటి రాజమహేంద్రవరము జిల్లా పరిస్థితి అతిదీనముగా ఉండెను. 1832–33లో, నందననామ సంవత్సరమున వచ్చిన కరువు గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనములో ఇంచుమించు రెండు లక్షల మందిని పొట్టను పెట్టుకొనెను. ఆ కరువు గోదావరి మండలమును కూడ వదలలేదు. 1839లో కోరంగి తీరమును తుపాను ముంచివైచెను. 1821లో జిల్లా జనసంఖ్య 7,38,000 పైచిలుకు. 1841 నాటికి అది 5,61,000 అయ్యెను. ఇరువదియేండ్లలో నలుగురిలో ఒకరు లెక్కనుండి తప్పిపోయిరన్నమాట. కొందరు చనిపోయిరి, కొందరు ఊళ్లు విడిచిపోయిరి. చిఠాలో ఇరువురికిని స్థానము ఒక్కటే.

ఈ క్షీణతకు కారణమేమో విచారింపుమని ప్రభుత్వమువారు సర్ హెన్రీ మాంట్గోమరీని నియమించిరి. ఆయన నివేదికయు 1844 నాటిదే. క్షీణతకు కారణము ఒక్కటి కాదు. కరువులు సరేసరి. జమీందారీల దుర్వ్యవస్థ ఒకటి. మరియొకటి, మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది, నేతపని పతనము. ఇంజరము, మాధవాయపాలెములలో కంపెనీవారి బట్టల కర్మాగారములు ఉండెడివి. వేలకొలది మగ్గములు వారి కొనుగోళ్లపై బ్రతికెడివి. కంపెనీ వర్తకమును విరమించుకొనుటతో ఆ మగ్గములు మూలబడినవి. సాలెవాని చేతిలో రూకలు లేనప్పుడు రైతు ధాన్యమును కొనువాడెవడు? శిస్తు తగ్గుటకు ఆకాశము ఎంత కారణమో, లండనులోని ఒక కార్యాలయపు నిర్ణయమును అంత కారణము కావచ్చును.

కాటన్ ఈ కారణములను ఎరుగనివాడు కాడు. అయినను ఆయన తన నివేదికలో ఒక ఉపాయము పన్నెను. తంజావూరును, రాజమహేంద్రవరమును ప్రక్కప్రక్కన నిలిపెను. రెండును పెద్దనదుల ముఖమునందలి డెల్టాలే. రెండింటను సారవంతమగు ఒండ్రుమట్టియే. అచట నీటిని పొలములకు మళ్లించిరి. ఇచట నీరు సముద్రము పాలగుచున్నది. అచట శిస్తును జనమును పెరుగుచున్నవి, ఇచట తరుగుచున్నవి. కావున భేదమునకు హేతువు నీరే. ఈ తర్కములో ఒక గొప్ప బలమున్నది. చదువువాని కన్నుల యెదుట రెండు చిత్రములు నిలుచును. వాని నడుమ భేదము తనంతతానే మాటలాడును. మదరాసులో కాగితములు చూచు అధికారి గోదావరిని చూచియుండడు. అతనికి నదిని చూపుటకన్న అంకెను చూపుట సులభమని కాటన్ గ్రహించెను. ఐతే ఆ తర్కములో ఒక లోపమును దాగియున్నది. రెండు చోట్లను పోల్చునప్పుడు నీరు తప్ప తక్కినదంతయు సమానమని మనము ఊరక ఒప్పుకొనుచున్నాము. ఆ లోపము ధవళేశ్వరములో బాధింపలేదు. తరువాత వేరొక చోట బాధించినది.

1846లో అనుమతి వచ్చెను. 1847లో పని మొదలయ్యెను. ధవళేశ్వరము వద్ద నది వెడల్పు లంకలతో కలిసి నాలుగు మైళ్లకు కొంచెము తక్కువ. లంకలను ఆధారముగా చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను కట్టిరి. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు పనిచేసిరి. కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్నగారు చేసిన సహాయమును గోదావరివాసులు నేటికిని చెప్పుకొందురు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు నీటిని పొలములకు తెచ్చుటయే కాక పడవలకు దారులును అయినవి. ధాన్యపు బస్తా కావడిలోను ఎద్దు వీపుమీదను పోవు రోజులు పోయి, పడవలో కాకినాడకు చేరు రోజులు వచ్చినవి.

ఇంతవరకు కథ అందరును ఎరిగినదే. అసలు ప్రశ్న ఇచట మొదలగును. ఆనకట్ట తరువాత జిల్లా శిస్తు పెరిగెను, ఎగుమతులు పెరిగెను, జనము పెరిగెను. ఈ పెరుగుదలలో ఆనకట్ట పాలెంత?

1841లో 5,61,000 జనమున్న జిల్లాలో 1871 ఖానేషుమారి నాటికి సుమారు 16 లక్షల జనమున్నట్లు తేలినది. ముప్పది యేండ్లలో జనము మూడింతలకు సమీపించెనని, అది అంతయు ఆనకట్ట మహిమయని చెప్పువారు కలరు. కాని 1859లో రాజమహేంద్రవరము జిల్లాను రద్దుచేసి, మచిలీపట్టణము జిల్లానుండి కొంతభాగము కలిపి గోదావరి జిల్లాను ఏర్పరచిరి. కలిసిన తాలూకాల జనము ముందునుండియు ఉన్నదే. అది క్రొత్తగా పుట్టినది కాదు. అదిగాక 1821లో లెక్క తీసినవారు గ్రామ కరణములు. 1871లో తీసినది ఏర్పాటుగా జరిగిన జనాభా లెక్క. జల్లెడ సన్నమైనకొలది అందులో నిలుచునది ఎక్కువగును. ఇట్లు సరిహద్దు మారుటవలన కొంత, లెక్క పద్ధతి మారుటవలన కొంత, వలసపోయినవారు మరలి వచ్చుటవలన కొంత, చావులు తగ్గుటవలన కొంత: ఇవి అన్నియు కలిసి ఒక్క అంకెగా కనబడుచున్నవి.

శిస్తు మాటయు అట్టిదే. 1844లో మదరాసు రాజధానిలో లోనాటి సుంకములను ఎత్తివేసిరి. సరకు ఊరినుండి ఊరికి స్వేచ్ఛగా కదలుట మొదలయ్యెను. 1850 దశాబ్దము మధ్యనుండి ధాన్యపు ధరలు దేశమంతట పెరిగినవి. ఆనకట్ట లేని జిల్లాలలోను శిస్తు వసూలు సులభమయ్యెను. 1852లో మదరాసు ప్రభుత్వపు కట్టడములపై విచారణ చేసిన సంఘము నీటి పనుల లాభమును గట్టిగా సమర్థించినది. ఆ సంఘపు ముగ్గురు సభ్యులలో కాటన్ సోదరుడు ఫ్రెడరిక్ కాటన్ ఒకడు. ఇది చెప్పుట ఆయన నిజాయతీని శంకించుటకు కాదు. లెక్క చదువునపుడు దానిని వ్రాసిన చేయి ఎవరిదో కూడ చూచుకొనవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో చూపుటకు ఒక చిన్న లెక్క చెప్పెదను. భద్రాచలము సంతలో ఒక చింతపండు వర్తకుడు ఉన్నాడనుకొందము. లెక్క తేలికగుటకై నిరుడు 100 బుట్టలు బుట్ట 10 రూపాయల చొప్పున అమ్మెననుకొందము. అమ్మకము 1000 రూపాయలు. ఈ ఏడు 104 బుట్టలు బుట్ట పన్నెండున్నర చొప్పున అమ్మెను. అమ్మకము 1300. వ్యాపారము నూటికి ముప్పది వంతున పెరిగినదని అతడు మీసము దువ్వును. కాని విడదీసి చూడుడు. పాత 100 బుట్టలకు ధర రెండున్నర పెరుగుటవలన వచ్చినది 250. అదనముగా అమ్మిన 4 బుట్టలకు పాత ధర ప్రకారము వచ్చినది 40. ఆ నాలుగు బుట్టలకే పెరిగిన ధర వలన వచ్చినది 10. మొత్తము 300. అడవిలో కోయవారు ఏరి తెచ్చిన చింతపండు నిజముగా పెరిగినది నూటికి నాలుగు వంతులే. మిగిలినది ధర చేసిన పని. ఆ చివరి పది రూపాయలు ధర ఖాతాలో వేయవలెనా, సరకు ఖాతాలో వేయవలెనా అన్నది పెద్ద గుమాస్తాలకు కూడ తగవు తెచ్చిపెట్టు విషయము.

దీనినే బొమ్మగా వేయవచ్చును. ఎడమ చివర 1000 ఎత్తుగల దిమ్మె, కుడి చివర 1300 ఎత్తుగల దిమ్మె. నడుమ 250, 40, 10 ఎత్తుగల మూడు మెట్లు, ఒకదాని తలపై నుండి మరియొకటి మొదలగునట్లు. ఏదైన కారణము ఆదాయమును తగ్గించినచో ఆ మెట్టు క్రిందికి దిగును. దానికి వేరు రంగు వేయుదురు. నేడు పెద్ద వ్యాపార సంస్థల సమావేశములలో గోడపై వెలిగించి చూపు బొమ్మలలో ఇది సామాన్యమైనది. మొదటి దిమ్మెనుండి చివరి దిమ్మెకు మెట్లమీదుగా నడువలేనివాడు ఆ రెండు దిమ్మెల భేదమునకు కారణము చెప్పుటకు అర్హుడు కాడు.

అంకెలను బొమ్మలుగా చూపు విద్య కాటన్ పుట్టుకకు ముందే ఉన్నది. 1786లో విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను గీతలుగా గీసి ఒక గ్రంథము ప్రకటించెను. ఎగుమతి గీతకును దిగుమతి గీతకును నడుమనున్న ఖాళీయే దేశమునకు లాభనష్టములు. స్కాట్లండుకు ఒక్క ఏటి లెక్కయే దొరకుటచే గీత గీయుటకు వీలులేక దిమ్మెలు నిలిపెను. నేటి దిమ్మెల పటమునకు అదియే తొలిరూపములలో ఒకటి. లోటునుండి పుట్టిన ఉపాయము. తరువాత ఈ విద్యను కారణములను విడదీయుటకు వాడిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్. దీపము పట్టుకొని రోగుల మంచముల నడుమ తిరిగిన దాదిగానే మన పిల్లలు ఆమెను ఎరుగుదురు. ఆమె గణికురాలు కూడ. క్రిమియా యుద్ధములో ఆంగ్లసైనికులు ఎందుచేత చచ్చిరో 1858లో ఒక చక్రములో చూపెను. చక్రమును పండ్రెండు నెలలకు పండ్రెండు తునుకలుగా కోసెను. నివారింపదగిన రోగములతో చనిపోయినవారికి నీలిరంగు, గాయములతో పోయినవారికి ఎరుపు, ఇతర కారణములకు నలుపు. నీలిరంగు తునుకలు ఎరుపును మ్రింగివేసినంత విశాలములు. 1855 వసంతమున మురుగు శుభ్రపరుప మొదలిడిన పిమ్మట ఆ నీలిరంగు కుంచించుకొనిపోవుట కన్నులకు కట్టినట్లుండును. శత్రువు తుపాకికన్న తమ ఆసుపత్రియే ఎక్కువమందిని చంపెనని ఏ మంత్రికైనను ఒక్క చూపులో తెలియును.

ఈ నైటింగేల్ తరువాతి కాలమున కాటన్‌కు గట్టి సమర్థకురాలయ్యెను. ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను మన రైతుల ఆకలి, కాలువల లెక్క, కరువుల చావు ఆమెకు బాగుగా తెలియును. ఇరువురి నడుమ ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. మొత్తమును మాత్రమే చూపక, మొత్తము లోపలి కారణములకు వేరువేరు రంగులు వేయవలెనన్నది ఆమె పటములోని గుట్టు. కాటన్ చేతిలో వాదము ఉండెను, ఆవేశము ఉండెను. ఈ రంగులు మాత్రము కొంచెము తక్కువ.

ఇప్పుడు భద్రాచలము అడవులకు వత్తము. ధవళేశ్వరము విజయము తరువాత కాటన్ దృష్టి నది ఎగువకు పోయెను. నాగపూరు, బీరారు సీమలలో ప్రత్తి పండును. అది బండ్లమీద వందలమైళ్లు పోయి బొంబాయి చేరునప్పటికి కూలి తడిసి మోపెడగును. గోదావరిలో పడవ నడచినచో ఆ ప్రత్తి కాకినాడ రేవుకు కొద్ది ఖర్చుతో దిగును. నదికి మూడు చోట్ల రాతిమెట్టలు అడ్డు: మొదటిది దుమ్ముగూడెము వద్ద, రెండవది ఇంద్రావతి సంగమము చెంత ఇంచంపల్లి వద్ద, మూడవది ఇంకను పైన దేవలమర్రి వద్ద. ఆనకట్టలును, లాకులతో కాలువలును కట్టి ఈ మూడింటిని దాటించినచో మధ్యదేశమునకు సముద్రద్వారము తెరచుకొనును. మాంచెస్టరు మిల్లుల యజమానులు ఈ పథకమును ఎత్తుకొని మోసిరి. వారికి ప్రత్తి కావలెను. అమెరికాలోని బానిసల సేద్యముపై ఆధారపడుట వారికి భయముగా ఉండెను. పని నడిపించినవాడు ఇంజనీరు హేగ్. 1860లో నిజాముతో ఒడంబడిక చేసికొని భద్రాచలము, రేకపల్లి మున్నగు ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లప్రభుత్వము పుచ్చుకొనెను. నదిపై సుంకములను తీసివేసిరి. ఒక్క పడవదారి కొరకు రాజ్యముల సరిహద్దులే కదలినవి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. అచటి ప్రత్తి ఆగిపోయెను. మన ప్రత్తి ధర ఆకాశమునకు ఎగసెను. ఫ్రాన్సు దేశములో మీనార్ అను వృద్ధ ఇంజనీరు, తాను కూడ వంతెనలు కాలువలు కట్టిన శాఖవాడే, ఈ మార్పును ఒక పటముగా గీసెను. ఐరోపాకు ఏ దేశమునుండి ఎంత ప్రత్తి వచ్చుచున్నదో అంత వెడల్పుగల రంగుపట్టీని సముద్రముమీద సాగదీసెను. 1858 పటములో అమెరికా పట్టీ ఏనుగు తొండమువలె ఉండును. 1864 పటములో అది సన్నగిల్లి, హిందూదేశమునుండి ఆఫ్రికా చుట్టి పోవు పట్టీ ఉబ్బియుండును. దుమ్ముగూడెములో రాయి మోయు కూలికి ఆ పట్టీ సంగతి తెలియదు. కాని అతని కూలి డబ్బు ఆ పట్టీ వెడల్పునుండియే వచ్చుచుండెను.

1865లో యుద్ధము ముగిసెను. అమెరికా ప్రత్తి మరల వచ్చెను, మన ప్రత్తి ధర కూలెను. 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరెను. గోదావరిలో వేసవిలో నీరు చాలదు. పడవ ఏటికి కొన్ని నెలలే నడచును. రైలుకు వేసవి లేదు. అడవిలో చలిజ్వరము కూలీలను పీడించెను. డెల్టానుండి వచ్చినవారు నిలువలేకపోయిరి. ఏండ్లు గడచెను, లక్షలు ఖర్చయ్యెను, పైరెండు అడ్డంకులు అడ్డంకులుగానే ఉండెను. 1871లో ప్రభుత్వమువారు పనిని విరమించిరి.

కాటన్ దీనిని ఎన్నడును ఓటమిగా ఒప్పుకొనలేదు. పూర్తిచేయకుండ ఆపి, లాభము రాలేదనుట అన్యాయమని ఆయన వాదము. అందులో కొంత సత్యము లేకపోలేదు. సగము కట్టిన వంతెనకు సగము ఆదాయము రాదు. అయినను నా మనస్సునకు తోచునది వేరు. ఆయన లెక్కలో పడవకూలి, బండికూలి అను రెండు అంకెల భేదమే ఉండెను. ప్రత్తి ధర యుద్ధముచేత ఎగసినదను మెట్టు, రైలు రాగలదను మెట్టు, నది ఎండు నెలల మెట్టు, జ్వరపు మెట్టు ఆ లెక్కలో చాలినంత ఎత్తున లేవు. ధవళేశ్వరములో తక్కిన కారణములన్నియు నీటితో పాటు ఒకే దిక్కునకు లాగినవి. అందుచేత వానిని విడదీయకున్నను నష్టము కలుగలేదు. ఇచట అవి ఎదురుదిక్కునకు లాగినవి. జ్వరముతో చనిపోయిన కూలివాని పేరు మీద ఏ ఖాతాయు తెరువబడలేదు. కోయపల్లెల నడుమ ఇన్నేండ్లు సాగిన పనికి ఆ పల్లెలు చెల్లించినది ఏమో ఏ పద్దులోను చేరలేదు.

పని ఆగిన ఆ 1871లోనే భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. తరువాత ఆ బొగ్గు రైలుమీద పోయెను, గోదావరిమీద కాదు. ఖమ్మము సీమ భవిష్యత్తును మార్చినది ఆ నల్లబంగారమే.

సరిహద్దుల సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1860లో చేతులు మారిన భద్రాచలము కొన్నాళ్లు మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. ఈ తాలూకా పంట, అడవి ఆదాయము, జనము నూరేండ్ల గీతగా గీయబూనిన విద్యార్థికి గీత ఎగుడుదిగుడులలో ఎన్ని వానలవలన వచ్చినవో, ఎన్ని ప్రభుత్వపు ఉత్తరువులవలన వచ్చినవో మొదట తేల్చుకొనవలసియుండును. గీత తెగిన చోట తెగినట్లు చూపుట సత్యము. అతికించి నునుపు చేయుట అందము కావచ్చును, లెక్క కాదు.

కాటన్ 1860లో ఉద్యోగము విరమించి ఇంగ్లండు పోయెను. మరుసటి ఏట సర్ బిరుదము పొందెను. కాని విశ్రాంతి పొందలేదు. రైళ్లకు పెట్టు సొమ్ములో కొంత కాలువలకు పెట్టినచో దేశమునకు కరువు ఉండదని వ్రాయుచు, ఉపన్యసించుచు తిరిగెను. ఆయన ప్రోత్సాహమున తుంగభద్రపై సుంకేశుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు కడప కాలువ త్రవ్విన కంపెనీ మాత్రము లాభము కండ్ల చూడలేదు. నీరు వచ్చెను, రైతు కొనలేదు. నల్లరేగడి నేలలో జొన్న, ప్రత్తి వానకే పండును. తడి పెట్టిన చేను చెడునేమోయని అతని భయము. గోదావరి ఒండ్రులో పనిచేసిన మంత్రము రేగడిలో పారలేదు. 1882లో ప్రభుత్వమే ఆ కంపెనీని కొనవలసివచ్చెను. తంజావూరు పోలికలో దాగిన లోపము ఇట్లు ఇచట బయటపడినది.

1876–78లో దక్షిణాదిన వచ్చిన మహాకరువు ఆయన వాదమునకు ఒకవైపు ప్రాణము పోసినది. మదరాసు రాజధానిలో లక్షలకొలది జనము మడిసిరి. గోదావరి, కృష్ణ డెల్టాలు నిలిచి, తాము తిని, ఇతరులకు ధాన్యము పంపినవి. ధవళేశ్వరపు లాభమును శిస్తు రూపాయలలో మాత్రమే కొలిచినవారు ఈ అంకెను ఏ పద్దులో వేయగలరు? పోకుండ నిలిచిన ప్రాణము జమలో కనబడదు. పోయిన ప్రాణమే లెక్కకెక్కును. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల కాటన్ నిలిచి సాక్ష్యమిచ్చెను. సభ్యులు ఆయనను నష్టమువచ్చిన కాలువలను గూర్చి గ్రుచ్చి గ్రుచ్చి అడిగిరి. ఆయన డెల్టాలను చూపెను. వారు కర్నూలును చూపిరి. సంఘము ఆయన ఆశించిన తీర్పు ఈయలేదు. ఇరువైపులవారి అంకెలును నిజమైనవే. ఏ నేలలో, ఏ ధరలో, ఏ కాలమున అను మెట్లను నడుమ నిలిపి చూపినవారు ఆ గదిలో లేకపోయిరి.

చివరి ఏండ్లను ఆయన డార్కింగు అను చిన్నపట్టణములో గడపెను. ముదిమిలో మూడుచక్రముల బండి త్రొక్కుచు తిరిగెడివాడు. ఇంటి దొడ్డిలో నేలను లోతుగా త్రవ్వి సేద్యము చేసినచో పంట ఎంత పెరుగునోయని ప్రయోగములు చేయుచుండెను. తొంబదియారేండ్ల వయస్సున, 1899 జూలై 24వ తేదీన అచటనే కన్నుమూసెను. ఆయన కట్టిన ధవళేశ్వరపు ఆనకట్ట స్థానమున 1970 తరువాత క్రొత్త బారేజి లేచినది. దానికి ఆయన పేరే పెట్టిరి. దుమ్ముగూడెపు రాతికట్ట మీదుగా మాత్రము ప్రతి వానకాలమున గోదావరి పొర్లిపోవుచునే యున్నది.